నడవని గడియారానికి ప్రథమ బహుమతి

గిడ్డంగుల సమన్వయ శాఖకు ఉన్నట్టుండి తన ఉద్యోగుల మనసుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు ఆ శాఖ ఎవర్నయినా ప్రేమించిన దాఖలాలు లేవు. గోనెసంచుల లెక్కలు, ఎలుకలు తిన్న ధాన్యం మీద నివేదికలు, ఆ నివేదికల్ని చెదలు తిన్నందుకు సంజాయిషీలు, ఇదే దాని లోకం. అలాంటి శాఖలోని పెద్దలు కొందరు శిక్షణ పేరుతో ఏదో కొండమీది రిసార్టుకు వెళ్ళి, మెత్తని పరుపుల మీద పడుకుని, పూటపూటా పండ్లరసాలు తాగి, హాబీ లేని మనిషికి ఒత్తిడి వస్తుందని తెలుసుకున్నారు. తెలుసుకుని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. తిరిగొచ్చి సర్క్యులరు తీశారు.

"ఇందుమూలముగా సమస్త ఉద్యోగులకు తెలియజేయునది ఏమనగా, మానసిక ఒత్తిడి నివారణార్థము ప్రతి ఉద్యోగియు విధిగా ఒక హాబీ కలిగియుండవలెను. హాబీ లేనివారు అందుకు తగు కారణములు చూపుచు సంజాయిషీ సమర్పించవలెను. నిర్ణీత గడువులోగా ఉల్లాసము పొందనివారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును."

బందరు జిల్లా కార్యాలయంలో ఈ కాగితం చదివాక అందరికీ నిజంగానే ఒత్తిడి వచ్చింది. పొద్దున్నే పాలప్యాకెట్టు తెచ్చుకుని, ఆఫీసుకొచ్చి, సాయంత్రం కూరలు కొనుక్కుని ఇంటికెళ్ళే మనుషులు వాళ్ళు. హాబీ అనేది ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. "మీకేవన్నా ఉందాండీ?" అని ఒకళ్ళనొకళ్ళు చాటుగా అడుక్కున్నారు. ఉన్నవాడు ఒక్కడే కనిపించాడు. అతను ఊటుకూరి కోదండపాణి, సీనియర్ అసిస్టెంటు.

పాణి పాత చేతిగడియారాలు విప్పి బాగుచేస్తాడు. బ్యాటరీతో నడిచే వాటి జోలికి పోడు. కీ ఇచ్చి నడిపించుకునే గడియారాలే అతనికి ఇష్టం. ఆదివారం వస్తే కంటికి భూతద్దం బిగించుకుని, వాకిట్లో బల్ల ముందు కూర్చుని, ఒకదాని చక్రం తీసి ఇంకోదానికి వేసి, చచ్చిన రెండింటితో బతికిన ఒకదాన్ని చేస్తాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. పాతికేళ్ళుగా చేస్తున్న పని అది. దానికి హాబీ అని పేరుందని సర్క్యులరు చదివాకే తెలిసింది. పొంగిపోయి, హాబీ అని ఉన్న గడిలో "చేతిగడియారాల యంత్రములు బాగుచేయుట, మార్పులు చేయుట" అని చక్కటి దస్తూరితో రాసిచ్చాడు. ఎంత తెలివితక్కువ పని చేశాడో చూడండి. సర్కారు అడిగిన ప్రశ్నకు నిజం చెప్పాడు.

మిగతావాళ్ళకు ఆ తెలివితక్కువతనం లేదు. క్యాషియరు స్వెట్టరు అల్లిక అని రాశాడు. టైపిస్టు మేరీ సుశీల మిద్దె మీద వంగమొక్కలని రాసింది. రికార్డు రూము గుమాస్తా బాగా ఆలోచించి "నిద్ర" అని రాశాడు.

ఆ రోజుల్లో పాణి చేతిలో ఉన్న పని మామూలు పని కాదు. అక్క భ్రమరాంబ కోసం గడియారం చేస్తున్నాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకుకాల్సు కలిపి రిటైరయింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషి. నీటికాసులొచ్చి చూపు పోయింది. వంట చెయ్యగలదు, బట్టలు మడతపెట్టగలదు, వీధిచివర మందుల షాపుదాకా ఒక్కతే వెళ్ళిరాగలదు. టైము మాత్రం ఎవర్నో ఒకర్ని అడగాలి. అడిగితే ఎవరూ కాదనరు. కాకపోతే రెండోసారి అడిగినప్పుడు గొంతులో తేడా వస్తుంది. చూపు పోయినవాళ్ళకు ఆ తేడా బాగా వినపడుతుంది.

పాణి మొదట మాట్లాడే గడియారం కొనిపెట్టాడు. మీట నొక్కితే అది వీధి వీధంతా వినపడేలా టైము చెప్పేది. మేనత్తగారి కోడలు చూడ్డానికొచ్చిన రోజున భ్రమరాంబ ఊరికే నొక్కింది. ఆ పిల్ల తనని వెళ్ళిపొమ్మంటున్నారనుకుని కాఫీ సగంలో వదిలి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ గడప తొక్కలేదు.

"నాకు ఎవరూ చెప్పక్కర్లేదురా పాణీ," అంది భ్రమరాంబ ఆ రోజు. "నేనెవర్నీ అడక్కూడదు. అందరూ చూసుకున్నట్టే నా టైము నేను చూసుకోవాలి. అంతే."

అంతే అన్నది రెండేళ్ళు పట్టింది. మూత తెరిచి వేలితో తడిమి చూసుకునే గడియారం కావాలి. మామూలు ముళ్ళని తడిమితే వంగిపోతాయి, లేదా పక్కకు జరిగిపోతాయి. మందపాటి ముళ్ళు వేస్తే ఆ బరువుకు గడియారం ఆగిపోతుంది. జరక్కుండా బిగిస్తే అసలు కదలనే కదలవు. చివరికి బెజవాడ పాతసామాన్ల కొట్లో ఎప్పటిదో రైల్వే గార్డు జేబుగడియారం దొరికింది. దాని యంత్రానికి బలముంది. దాన్ని పట్టీ ఉన్న డబ్బాలో ఇమిడ్చి, అంకెల చోట ఇత్తడి చుక్కలు అతికి, ముళ్ళు తనే చెక్కి, పాతికసార్లు విప్పి బిగించాడు. అలాంటి యంత్రం ఇంకోటి దొరికే ఆశ లేదు. దొరికినా పాణి వేళ్ళకు ఈమధ్య కొద్దిగా వణుకు మొదలైంది. ఈ సంగతి అక్కకు చెప్పలేదు గాని, ఇదే తన ఆఖరి పెద్ద పని అని అతనికి తెలుసు.

గడియారం భ్రమరాంబ చేతికెక్కింది. అప్పడాల పీటంత ఉందని ఎగతాళి చేసింది. వారం తిరక్కుండా మనిషే మారిపోయింది. రేడియో తనంతట తనే పెట్టుకునేది. కుక్కరు ఎంతసేపయిందో చూసుకుని దింపేది. పక్కింటావిడ కోడలి కష్టాలు ఏకరువు పెడుతుంటే కొంగు కింద వేలు పెట్టి ఎంతసేపు చెప్పిందో లెక్క చూసుకునేది. పాణి అది చూసి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషం అంటే అదే అతనికి, దానికి సర్క్యులరు అక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గుడిమెట్ల ఏడుకొండలు పిలిచాడు. సర్క్యులరు పుణ్యమా అని ఆయనకు హాబీ నోడల్ అధికారి అనే అదనపు బాధ్యత కూడా అంటగట్టారు. చెడ్డవాడు కాదు. కాగితానికి భయపడతాడు.

"పాణిగారూ, మీ హాబీలో చిన్న చిక్కొచ్చిందండీ."

"ఏవిటండీ?"

"మీరు బాగుచేసిన గడియారం, బాగుచేశాక నడుస్తుందా?"

"నడుస్తుందండి."

"అన్నీనా?"

"చాలామటుకు నడుస్తాయి."

ఏడుకొండలు చావుకబురు విన్నట్టు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎంత పని చేశారండీ. నడిస్తే అది ఇతర వృత్తి కిందకొస్తుంది కదా. ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు."

"నేను డబ్బు తీసుకోనండి."

"తీసుకుంటే వ్యాపారం, తీసుకోకపోతే ఉచితసేవ. దానికి ముందస్తు అనుమతుండాలి. హాబీ ఎట్లా అవుతుందండీ? పోనీ, కంగారుపడకండి. పైకి రాసి స్పష్టత తెప్పిద్దాం."

రాశారు. స్పష్టత వచ్చింది. దాన్ని పంపినవారు మనోల్లాస విభాగం సంచాలకులు శ్రీ చల్లా దక్షిణామూర్తిగారు. రిసార్టులో అందరికంటే ఎక్కువ పండ్లరసం తాగినవారు ఆయనే.

"హాబీ యనగా ప్రయోజనాపేక్ష లేని ప్రవృత్తి. ప్రయోజనము సిద్ధించుచుండగా అపేక్ష లేదని నిరూపించుట దుర్లభము. కావున ప్రయోజనమే లేకుండుట శ్రేయస్కరము. సదరు ఉద్యోగి మరమ్మతు చేయు గడియారములు మరమ్మతు అనంతరము నడవనిచో హాబీగాను, నడిచినచో వృత్తిగాను పరిగణించి తదుపరి చర్య తీసుకొనవలసినదిగా ఆదేశించడమైనది."

ఈ ఉత్తర్వు పాణి ఒక్కడితో పోలేదు. శాఖ మొత్తానికీ తగులుకుంది. మేరీ సుశీల వంగమొక్క ఒకటి కాయ కాసింది. ఆవిడకు మెమో ఇచ్చారు. "ప్రభుత్వోద్యోగియై యుండి కూరగాయల ఉత్పత్తికి పాల్పడినందుకు" సంజాయిషీ అడిగారు. ఆవిడ రోజూ పొద్దున్నే మిద్దెక్కి, ఏసుప్రభువుకు క్షమాపణ చెప్పుకుని, పూత మొత్తం గిల్లిపారేసేది. క్యాషియరు స్వెట్టరుకు ఒక చెయ్యి తయారయ్యేసరికి తనిఖీ వస్తే భయపడి మొత్తం ఊడదీశాడు. అప్పట్నుంచి సోమవారం అల్లడం, శనివారం ఊడదీయడం. పాటలు పాడతానన్న డ్రైవరు పాట ఎవరికీ నచ్చలేదని నలుగురి చేత సంతకాలు తెచ్చుకోవాల్సొచ్చింది. సంతకాలు తేలిగ్గానే దొరికాయి. నిద్ర అని రాసిన రికార్డు రూము గుమాస్తాకు "అత్యుత్తమం" వచ్చింది. అతన్ని చూసి నేర్చుకోండని పై ఆఫీసునుంచి ఉత్తరం కూడా వచ్చింది. అతను దాన్ని తలకింద పెట్టుకున్నాడు.

పాణి ప్రతి శుక్రవారం తను విప్పిన గడియారాలు పట్టుకొచ్చి ఏడుకొండలు బల్ల మీద పరిచేవాడు. ఆయన ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. వినపడకపోతే "నడవడం లేదని ధ్రువీకరించడమైనది" అని రాసి ముద్ర వేసేవాడు. పాపం, అక్కడో తిరకాసుంది. ఆగిపోయిన గడియారమైనా చేత్తో కదిపితే కాసేపు టిక్కుటిక్కుమంటుంది. చెవి దగ్గరకు తీసుకోవాలంటే కదపాలి. కదిపితే అది నడుస్తుంది. ఈ విషయం పైకి రాస్తే, ఒక్కో గడియారానికి నాలుగు టిక్కుల వరకూ మినహాయింపునిస్తూ సవరణ ఉత్తర్వు వచ్చింది. ఏడుకొండలు వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాడు. అయిదోది వినపడేలోపల గబుక్కున కింద పెట్టేసేవాడు.

ఆ శాఖలో గడియారం పెట్టుకున్న ప్రతి చేతి మీదా పాణి హస్తవాసి ఉంది. ఏడుకొండలు పెళ్ళినాటి గడియారం, క్యాషియరు తండ్రిది, ఆఖరికి దక్షిణామూర్తిగారి బంగారు గడియారం కూడా ఏడుకొండలు ద్వారా బందరు వచ్చి, బాగుపడి, హైవే బస్సులో తిరిగి వెళ్ళిందే. అవన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ మాట ఎవరూ అనరు.

ఇంతలో పెద్దలకు రాష్ట్రస్థాయి మనోల్లాస మేళా జరపాలని బుద్ధి పుట్టింది. బందరులో కళ్యాణమండపం చవగ్గా దొరుకుతుందని అక్కడ పెట్టారు. ప్రతి జిల్లా తన హాబీలు చూపించాలి. ఏడుకొండలుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పూత లేని వంగమొక్కనీ, చేతుల్లేని స్వెట్టరునీ పెడితే బందరు పరువేం కాను? పాణి ఇంటికొచ్చాడు. వచ్చి భ్రమరాంబ చేతికున్నది చూశాడు.

"ఇదేవిటండీ?"

భ్రమరాంబే చెప్పింది. మూత తెరిచి, తడిమి, టైము చెప్పి చూపించింది. అంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఏడుకొండలు మొహం మటుకు పాలిపోయింది.

"పాణిగారూ, దీనికి ధ్రువపత్రం లేదు."

"అది మా అక్క కోసం చేశానండి. ఆఫీసుకు సంబంధం లేదు."

"మార్పులు చేయుట అని మీరే రాశారు కదా. మార్చిన గడియారం, ధ్రువపత్రం లేదు, పైగా నడుస్తోంది. నేను చూడనట్టు ఊరుకుందామంటే చూశాను. ఒక్క పని చెయ్యండి. ఆ మేళాకి దీన్ని ఇవ్వండి. ఆపేసి ఇవ్వండి. మేళా అయిపోయాక మీ గడియారం మీది, ఇంట్లో మీరు నడిపించుకున్నా నేను వినపడిందనను."

పాణి అక్క వంక చూశాడు. భ్రమరాంబ పట్టీ తనే విప్పి బల్ల మీద పెట్టింది.

"నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చుకుని నేను టైము చూసుకోవాలా? తీసుకెళ్ళు. రెండేళ్ళు ఆగినదాన్ని, రెండురోజులు ఆగలేనా?" అంది. గొంతు మాత్రం అలా అనలేదు.

పాణి ఆ గడియారం విప్పి, అటూ ఇటూ ఊగుతూ మొత్తాన్ని నడిపించే చిన్న చక్రాన్ని బయటికి తీశాడు. చక్రాన్ని ఖాళీ మాత్రల డబ్బీలో దూది మీద పెట్టి జేబులో వేసుకున్నాడు. ఏడుకొండలు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి ఒక్క టిక్కు కూడా లేదు. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మేళా బ్రహ్మాండంగా జరిగింది. ఒక జిల్లావాళ్ళు తీగల్లేని వీణ పెట్టారు. ఇంకొకళ్ళు నీళ్ళు ఎక్కడా నిలవని కుండలు చేసుకొచ్చారు. పై ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఒక్కోదాని ముందు ఆగి, ఎంత నిరుపయోగమో చూసి తలలూపుతూ తిరిగారు. సాయంత్రం కాకముందే దక్షిణామూర్తిగారు మైకందుకుని ప్రథమ బహుమతి ప్రకటించారు. బందరు జిల్లా, అంధుల చేతిగడియారం.

"మిత్రులారా," అన్నారాయన, "ఇందులో రెండేళ్ళ శ్రమ ఉన్నది, అమోఘమైన నైపుణ్యమున్నది. అయినప్పటికీ ఇది నడవదు. ఇంతటి నిస్వార్థమైన హాబీని నా సర్వీసులో చూడలేదు."

చప్పట్లు. పాణి అక్కను వెంటబెట్టుకొచ్చాడు, ఎట్లాగూ సాయంత్రానికి గడియారం ఇచ్చేస్తారు కదా, చేతికి పెట్టుకునే ఇంటికెళ్ళిపోవచ్చని. ఆవిడ వచ్చిందని తెలియగానే వేదిక మీదికి పిలిచారు. గడియారం చేతికిచ్చి, చూడమన్నారు. భ్రమరాంబ మూత తెరిచి తడిమింది.

"పదీ పది," అంది.

మండపం దద్దరిల్లింది. ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఫొటోలు తీశారు.

"కాని బాబూ," అంది భ్రమరాంబ చప్పట్లు ఆగాక, "భోజనాలయి చాలాసేపయింది కదా. ఇప్పుడు పదీ పది ఎట్లా అవుతుంది?"

దక్షిణామూర్తిగారు దయగా నవ్వారు. "టైము సరిగా ఉండటం ముఖ్యం కాదమ్మా. మీరు చూడగలిగారు. అదీ ఉల్లాసం."

ఆ తరవాత ఆయన మేళా నిబంధనల్లో ఆఖరిది చదివారు. ప్రథమ బహుమతి పొందిన హాబీ వస్తువు శాఖకు చెందును. దానిని ప్రధాన కార్యాలయమందు గాజుపెట్టెలో నుంచి, మూతపై లక్కముద్ర వేసి, శాశ్వతముగా ప్రదర్శించవలెను. అటెండరు అప్పటికే లక్కకణికా కొవ్వొత్తీ పట్టుకుని నిలబడ్డాడు. పాణి ఏడుకొండలు వంక చూశాడు. ఏడుకొండలు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

భ్రమరాంబకు సంగతి అర్థమయింది. గడియారాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. ఎవరో మెల్లిగా ఆ వేళ్ళు విడదీసి తీసేసుకున్నారు. మర్యాదగానే తీసుకున్నారు, అమ్మా అంటూ తీసుకున్నారు. పాణికి ఒళ్ళు మండిపోయింది. సర్వీసంతా ఎవరి మీదా గొంతెత్తని మనిషి, ఇప్పుడూ ఎత్తలేదు. మొదటిసారిగా ఒక అబద్ధమాడాడు.

"సార్, సీలు వేసేముందు ఒక్కసారి శుభ్రం చేసిస్తాను."

"ప్రత్యక్ష ప్రదర్శన!" అన్నారు దక్షిణామూర్తిగారు ఆనందంగా, మైకును గడియారం పక్కకు జరిపించి.

పాణి కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. వెనక మూత విప్పాడు. జేబులోంచి మాత్రల డబ్బీ తీశాడు. చిమటాతో, ఆ సన్నటి పట్టకారుతో, చక్రాన్ని పైకెత్తేసరికి చెయ్యి వణకడం మొదలైంది. చక్రం జారి కింద పడితే ఇక వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, మండపం నిండా చెప్పుల కాళ్ళే. చిమటా గడియారం అంచుకు తగిలిన చప్పుడు భ్రమరాంబ విన్నది. వచ్చి వెనక నిలబడి, అతని మోచెయ్యి కింద తన అరచెయ్యి ఆనించింది.

"ఊపిరి బిగబట్టకు. నాకేం తొందర లేదు," అంది.

చక్రం తన చోట కూర్చుంది. మర బిగించాడు. కీ ఇచ్చాడు. మైకులోంచి మండపమంతా వినపడింది, టిక్కు టిక్కు టిక్కు. ఏడుకొండలు అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి, అయిదోది వినపడగానే కళ్ళు మూసుకున్నాడు. పాణి వంటవాణ్ణి టైమడిగి ముళ్ళు సరిచేసి, గడియారాన్ని అక్క చేతికి కట్టాడు.

"అది... నడుస్తోందా?" అన్నారు దక్షిణామూర్తిగారు.

"నడుస్తోందండి."

వెనక వరసలో మేరీ సుశీల ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆవిడకూ మెమో వచ్చింది.

పాణి మీద విచారణ వేశారు. విచారణాధికారి దక్షిణామూర్తిగారే. అభియోగం తెచ్చిందీ ఆయనే, కళ్ళారా చూసిన సాక్షీ ఆయనే, అందువల్ల ప్రయాణఖర్చులు ఆదా అవుతాయని ఉత్తర్వులో రాశారు. విచారణ మాట వినగానే ఆఫీసులో అందరికీ ఒక భయం పట్టుకుంది. పాణి బాగుచేసిన గడియారం చేతికుంటే తామూ ఆ వృత్తి వల్ల లబ్ధి పొందినట్టే కదా. చేతులన్నీ బోసిపోయాయి. గడియారాలు ఇంట్లో బీరువాల్లోకెళ్ళిపోయాయి. దక్షిణామూర్తిగారి బంగారు గడియారం కూడా ఆయన బీరువాలోనే ఉంది.

గోప్యత కోసం విచారణ గదిలోకి వెళ్ళేవాళ్ళ సెల్‌ఫోన్లన్నీ బయట బుట్టలో పెట్టించారు. గోడగడియారం ఆగిపోయి చాలాకాలమయింది, బ్యాటరీ కోసం రాసిన ఇండెంటు ఇంకా తిరుగుతూనే ఉంది. భ్రమరాంబను రమ్మన్నారు, గడియారం ఆవిడ చేతికుంది కాబట్టి, ఆవిడ విప్పనంది కాబట్టి.

దక్షిణామూర్తిగారు కాగితం సర్దుకుని, "విచారణ ప్రారంభించిన సమయము" అని చదివి, బోసి మణికట్టు చూసుకున్నారు. గోడ వంక చూశారు. ఏడుకొండలు మణికట్టు వంక చూశారు. చివరికి చిన్నగా దగ్గి, "అమ్మా, టైమెంతయిందో కాస్త చెబుతారా?" అన్నారు.

భ్రమరాంబ మూత తెరిచి తడిమి చెప్పింది. ఆయన రాసుకున్నారు. అటెండరు టీ ఎప్పుడు తేవాలో అడిగితే మళ్ళీ ఆవిణ్ణే అడిగారు. ఏడుకొండలు సాక్ష్యం మొదలైన వేళ అడిగారు. ముగిసిన వేళ అడిగారు. తన బస్సుకు ఇంకా ఎంతసేపుందో తెలుసుకోవాలనిపించి ఊరికే కూడా ఒకసారి అడిగారు.

అన్నీ అయ్యాక గొంతు తగ్గించి పాణితో అన్నారు. "చూడండి కోదండపాణిగారూ. మీ వంటి నిపుణుణ్ణి శిక్షించడం శాఖకు ఇష్టం లేదు. ఆ రోజు మైకులో ఏదో చప్పుడు వచ్చింది. అది గడియారానిదే అనడానికి ఆధారమేవుంది? ఈ గడియారం నడవడం లేదని ఒక్క వాక్యం రాసివ్వండి. అది హాబీ అవుతుంది. మీ బహుమతి మీకుంటుంది. మీకు సూపరింటెండెంటుగా ప్రమోషనిచ్చే ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది. గడియారం మాత్రం నిబంధన ప్రకారం గాజుపెట్టెలోకి వస్తుంది."

"నడుస్తోందని రాసిస్తేనండీ?" అన్నాడు పాణి.

"అప్పుడది వృత్తి. రెండు ఇంక్రిమెంట్లు శాశ్వతంగా కోత. పింఛను కూడా తగ్గుతుంది."

"గడియారం?"

దక్షిణామూర్తిగారు నియమావళి తిరగేశారు. రెండుసార్లు తిరగేశారు. ఇష్టం లేకుండా చెప్పారు. "వృత్తిలో తయారైన వస్తువు ఖాతాదారుకు, అంటే చేయించుకున్నవారికి, చెందుతుంది. దాని మీద శాఖకు హక్కు లేదు."

"వద్దురా పాణీ," అంది భ్రమరాంబ. "వాళ్ళన్నట్టు రాసెయ్. ఇన్నాళ్ళూ అడుక్కోలేదా, ఇక ముందూ అడుక్కుంటాను."

పాణి విచారణాధికారి వైపు తిరిగి, "నడుస్తోందండి. రాసుకోండి," అన్నాడు. "నేను గడియారాలు బాగుచేస్తాను. బాగుచేస్తే అవి నడుస్తాయి. మీది కూడా."

ఆ ఆఖరి మాట రికార్డులోకి ఎక్కలేదు. మిగతావన్నీ ఎక్కాయి. అభియోగము రుజువైనదనీ, సదరు గడియారము నిస్సందేహముగా నడుచుచున్నదనీ, రెండు ఇంక్రిమెంట్లు కోసివేయడమైనదనీ దక్షిణామూర్తిగారు తన దస్తూరితో రాసి, కింద సంతకం పెట్టారు. పాణి అక్క చెయ్యి పట్టుకుని తలుపుదాకా వెళ్ళాడు. ఇంట్లో నెలనెలా ఎంత తగ్గించుకోవాలో అతనికప్పుడే తెలుస్తోంది, అయినా ఏనాడూ లేనంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

"అమ్మా," అని వెనకనుంచి పిలిచారు దక్షిణామూర్తిగారు. కలం ఇంకా సంతకం పక్కనే ఆగి ఉంది. ఎన్నోసారో ఆయనకే గుర్తులేక, గొంతులో మొహమాటం వినపడుతోంది. "ఏమీ అనుకోకపోతే, ఒక్కసారి... సంతకం కింద టైము వెయ్యాలి."

భ్రమరాంబ ఆగింది. వెనక్కి తిరిగింది. మూత తెరిచి నెమ్మదిగా రెండు ముళ్ళూ తడిమి, నిమిషంతో సహా చెప్పింది. గొంతులో తేడా లేదు.

"రాసుకున్నారా బాబూ?" అంది. "మళ్ళీ కావాలంటే కబురు పెట్టండి, మొహమాటపడకండి. అడగటమెంత కష్టమో నాకు తెలుసు."

ఆయన రాసుకున్నారు.